నాలుగో విజిట్

ఎచ్చెర్ల రోడ్డు మీద లోడు లారీ వెళ్తే
మా గది కిటికీ అద్దం ఇప్పటికీ వణుకుతుంది.
మూడో అంతస్తు, జీవగణాంక విభాగం:
నలుగురం, రెండు కంప్యూటర్లు,
మూత సరిగా పట్టని ఓ ఫ్లాస్కు,
ఉద్దానం నుంచి గోనెసంచుల్లో వచ్చిన ఫారాలు.
కొన్నిటికి జీడి మరకలు.
ఒకదాని వెనక ఏ గుంటడో గీసిన పడవ.

వయసు గడిలో అన్నీ నలభైలే, యాభైలే, అరవైలే,
నడిమి ఏళ్లలో ఎవరూ పుట్టనట్టు.
"ఆ లెక్క ఎవులికి తెలుస్తాది బాబూ" అంటారట.
తిత్లీకి ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయో అడిగితే మాత్రం
పదిహేడు అంటారు.
ఇరవై అనరు.

నేను మనుషుల్ని చూడను.
లోహిదాసు చూస్తాడు.
బండి వెనక ఐసు పెట్టె కట్టుకుని
కవిటి, కంచిలి, మందస తిరుగుతాడు.
నా దాకా వచ్చేది అంకె.
క్రియాటినిన్ ఇంత.
తాగేది బోరు నీళ్లయితే ఒకటి, నూతి నీళ్లయితే రెండు.
తెలియకపోతే తొమ్మిది తొమ్మిది తొమ్మిది.

సోమేశ్వరి మేడం బోర్డు మీద గీసే గీత
మెట్లు మెట్లుగా దిగుతుంది.
మెట్టుకి ఒకరు.
ఊరొదిలి కబురు లేకుండా పోయినవాళ్లకి మెట్టు ఉండదు,
గీత మీద చిన్న నిలువు గాటు:
ఇక్కడిదాకా ఉన్నారని తెలుసు, అంతే.
చేరిన కొత్తలో
ఆ గాట్లని ప్రింటరు దుమ్మనుకుని
గోటితో గీకాను.

నాలుగు వందల పదిహేడో వరస.
మొదటి విజిట్, నాలుగు పాయింట్ రెండు.
రెండోది, అయిదు పాయింట్ ఆరు.
మూడోది ఏడు దాటింది.
నాలుగోది
సున్నా పాయింట్ తొమ్మిది.

కిడ్నీ అలా వెనక్కి నడవదు.
దశాంశం జారిందేమో అన్నాడు హేమసుందర్.
మా మిషను అలాంటిది కాదన్నారు ల్యాబువాళ్లు.
తీసేస్తే గ్రాఫు నున్నగా వస్తుంది కదా,
అన్నది నేనే.
మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ
"తీసే ముందు ఇంటికెళ్లి అడగండి" అన్నారు.

రెండు రోజులకి లోహిదాసు ఫోను.
వెనక సముద్రమో సరుగుడు తోటో, సగం మాటలు గాలికి పోతున్నాయి.
మనిషి లేడట.
నాలుగో క్యాంపుకి పద్నాలుగు రోజుల ముందే.
చీటీ మీద దాలి అని సగం పేరే రాసి ఉందట.
దాలినాయుడో దాలమ్మో నర్సుకేం తెలుసు,
రెండొందల మంది జనం, చీకటి పడుతోంది.
ఆమె వెళ్లి వరసలో కూర్చుంది.

ఎందుకమ్మా అని అడిగితే,
"పేరు పిలిసినారు బాబూ.
ఒక పాలి పిలిసినారు. రెండో పాలీ పిలిసినారు.
ఎవులూ పలక్కపోతే కొట్టీస్తారు గదా.
నాను సెయ్యి సాపినాను."

దిద్దాను.
మరణం: ఒకటి. తేదీ.
పద్దెనిమిదో నెలకి కాస్త ఇవతల
గీత ఒక మెట్టు దిగింది,
కాగితం మీద వేలికి తగలని మెట్టు.
మూడో దశాంశంలో ఏదో కదిలింది.
ఫలితం మారలేదు.

ఆ సున్నా పాయింట్ తొమ్మిది మిగిలిపోయింది.
ఆమెది. మంచి అంకె, నిబ్బరమైన అంకె.
కానీ ఆమె మా నమూనాలో లేదు,
ఆ ఇంట్లోంచి లాటరీలో వచ్చింది ఆయన పేరు.
ఆమె రక్తానికి మా దగ్గర వరస లేదు.
తొమ్మిది తొమ్మిది తొమ్మిది,
మూడు నొక్కులు.
నొక్కాను.

చిట్టచివర "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంటుంది.
ప్రోగ్రాము దాన్ని చదవదు.
చాలా ఫారాల్లో ఖాళీ,
లేదంటే "కుక్క ఉంది, కర్ర పట్టుకెళ్లాలి" అని లోహిదాసు రాత.
నలభై అక్షరాలకి మించి పట్టదు.
లెక్కపెట్టుకుని రాశాను:
పిలిస్తే భార్య పలికింది.

ఇంకా చోటు మిగిలింది.